కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే – త్రుప్పుతో ఆయన జరిపిన పోరు

మృగశిర కార్తె వచ్చి ముంబయిలో వానలు మొదలైనంతనే కామాఠిపురాలోని మన చాళ్ళలో చప్పుడు లేని పని యొకటి ప్రారంభమగును. తాతలనాడు ఊరినుండి తెచ్చుకొనిన ఇనుప ట్రంకుపెట్టె అంచులు ఎఱ్ఱబడును. కిటికీ ఊచలపై రంగు పొక్కి రాలిపోవును. తలుపు గడియ బిగిసికొని కదలనని మొరాయించును. రొట్టెల పెనమును రెండు దినములు వాడక మూలనుంచినచో వ్రేలికి గోధుమరంగు పొడి అంటును. దీనిని మనము త్రుప్పు అందుము. పొరుగున నున్న మరాఠీవారు గంజ్ అందురు. హిందీవారు జంగ్ అందురు. పేరు ఏదైనను అది చేయు పని ఒక్కటియే. ఇనుమును కొంచెము కొంచెముగా తినివేయుట.

ఈ త్రుప్పు ఎట్లు పుట్టును? దానిని ఎట్లు ఆపవలెను? ఈ ప్రశ్నలతో జీవితమున కొంతభాగము గడపిన మహనీయుడొకడు కలడు. ఆయన కమ్మరి కుమారుడు. బడిచదువు అంతంతమాత్రమే. యౌవనమున ఆయన శ్రద్ధతో పరీక్షించిన ఉక్కు మన దేశపు ఉక్కు. ఆ జాతి ఉక్కు ఇంగ్లండు పండితుల దృష్టికి వచ్చినది మన ముంబయినుండి వెళ్ళిన మూటవలననే. ఆ మహనీయుని పేరు మైకేల్ ఫారడే. విద్యుచ్ఛక్తిని గూర్చిన ఆయన పరిశోధనలను మీరు విజ్ఞానశాస్త్ర పాఠములలో చదివియుందురు. ఆయన త్రుప్పుతో జరిపిన పోరు అంతగా ప్రచారమునకు రాలేదు. దానిని కూడ కలుపుకొని ఆయన జీవితమును ఇందు చెప్పబూనితిని.

బాల్యము

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను నగరమునకు చేరువనున్న న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు ఫారడే కమ్మరి. ఆయన స్వస్థలము ఇంగ్లండు ఉత్తర భాగముననున్న వెస్ట్‌మర్లండు సీమ. మన పెద్దలు పాలమూరు, నల్లగొండ, కరీంనగరు ప్రాంతములనుండి బ్రతుకుతెరువుకై ఈ నగరమునకు వచ్చినట్లే, ఆయనయు పని వెదకికొనుచు భార్యతో రాజధానికి వచ్చెను. నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. కొంతకాలము ఆ కుటుంబము గుఱ్ఱపుబండ్లు నిలుపు శాలపైనున్న గదులలో కాపురముండెను. క్రింద గుఱ్ఱముల సకిలింపు, పైన ఆరుగురు మనుష్యుల సంసారము. ఒక్క గదిలో నాలుగు తరములు సర్దుకొనుట యెరిగిన మన పిల్లలకు ఆ ఇరుకును గూర్చి వేఱుగా వర్ణింపనక్కరలేదు.

జేమ్సునకు ఆరోగ్యము సరిగా నుండెడిది కాదు. కొలిమి ముందు రోజంతయు నిలువలేని దినములు ఎక్కువయ్యెను. 1801వ సంవత్సరమున ధాన్యపు ధరలు మిక్కుటముగా పెరిగినపుడు పదేండ్ల మైకేల్‌కు వారమునకు ఒక్క రొట్టెయే వంతు వచ్చినదట. దానిని ఏడుదినములకు తానే సరిపెట్టుకొనవలసి యుండెను.

చదువన్నచో చదువుట, వ్రాయుట, లెక్కలు చేయుట, అంతే. చిన్నతనమున అతనికి రకారము సరిగా పలికెడిది కాదు. అందులకు పంతులమ్మ కోపించి బెత్తము కొనితెమ్మని అన్నను పంపగా, ఆ అన్న బెత్తము తేక తల్లియొద్దకు పోయి మొరపెట్టుకొనెనని, తల్లి వచ్చి ఇద్దరిని ఆ బడినుండి తీసికొనిపోయెనని చెప్పుదురు. పలుకు తడబడిన ఆ బాలుడే పెద్దవాడై దేశమున కెల్ల గొప్ప శాస్త్రోపన్యాసకుడని పేరొందెను. పలుకు దిద్దుకొనుటకై యువకుడుగా నున్నపుడు ఉచ్చారణ నేర్పు గురువునొద్ద పాఠములు కూడ చెప్పించుకొనెను. ఇంటిలో ఒక భాష, వీధిలో ఇంకొక భాష, కచేరీలో మఱియొక భాష మాటలాడుచు అప్పుడప్పుడు తడబడు మన పిల్లలు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

పుస్తకముల దుకాణము

1804లో పదమూడేండ్ల ప్రాయమున మైకేల్, బ్లాండ్‌ఫర్డు వీధిలో పుస్తకములు అమ్మి, జిల్దుకట్టు రీబో అను వ్యాపారియొద్ద కుదిరెను. మొదట ఇంటింటికి వార్తాపత్రికలు పంచి, చదువుట ముగిసిన తరువాత వాటిని తిరిగి తెచ్చుట అతని పని. మరుసటి యేడు ఏడేండ్ల శిష్యరికమునకు ఒడంబడిక జరిగెను. పనివాడు శ్రద్ధగలవాడని యజమాని మెచ్చి జీతపురుసుము తీసికొనలేదు.

జిల్దు కట్టుటకు వచ్చిన పుస్తకములను ఇతరులు కుట్టి పంపివేయుచుండగా మైకేల్ వాటిని చదివెడివాడు. బ్రిటానికా విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము అతనిని ఆకర్షించెను. జేన్ మార్సెట్ అను విదుషి సామాన్యులకై వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథము అతనికి దారి చూపెను. చదివినదానిని చదివినట్లు నమ్మి ఊరకుండక, చేతిలో నున్న నాలుగు డబ్బులతో సీసాలు కొని, అందు చెప్పిన ప్రయోగములను తానే చేసి చూచెడివాడు.

1810లో తండ్రి మరణించెను. ఆ యేడే టాటమ్ అను నాయన తన ఇంట సాయంకాలములందు శాస్త్రోపన్యాసము లిచ్చుచుండెను. ప్రవేశమునకు ఒక షిల్లింగు. ఆ షిల్లింగు మైకేల్ వద్ద లేదు. తండ్రివలెనే కమ్మరియైన అన్న రాబర్టు తన కూలినుండి ఇచ్చెను. కొలిమి ముందు చెమటోడ్చి సంపాదించిన ఆ షిల్లింగును లోకము మరువరాదు.

డేవీ కొలువు

1812లో దుకాణమునకు వచ్చిన ఒక పెద్దమనిషి దయవలన మైకేల్‌కు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చు నాలుగు ఉపన్యాసములు వినుటకు టిక్కెట్లు దొరికెను. విన్నదెల్ల వ్రాసికొని, బొమ్మలు గీసి, మూడువందల పుటలకు మించిన ఆ ప్రతిని తన చేతితోనే జిల్దుకట్టి డేవీకి పంపుచు కొలువు వేడుకొనెను. జిల్దుకట్టువాని చేతిపనియే అతని అర్హతాపత్రమయ్యెను. 1813 మార్చి 1వ తేదీన అతడు ప్రయోగశాలలో సహాయకుడుగా నియమింపబడెను. వారమునకు ఇరువదియైదు షిల్లింగులు, మేడపైభాగమున రెండు గదులు, వంటచెఱకు, కొవ్వొత్తులు అతని జీతము.

ఆ యేడే డేవీ దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరుచు ఫారడేను వెంటబెట్టుకొని పోయిరి. ఫ్రాన్సు, ఇటలీ దేశముల పండితులను దర్శించు భాగ్యము కలిగినది గాని, డేవీ భార్య ఆయనను సేవకుడుగానే చూచెను. కమ్మరి కొడుకగుట ఆమె కంటికి కొఱతగా తోచెను. ఆయన ఆ అవమానము దిగమ్రింగుకొని నేర్వదగినదెల్ల నేర్చుకొని 1815లో తిరిగి వచ్చెను.

మన ఉక్కు లండనుకు చేరుట

ఇచట కొంచెము వెనుకకు పోవలెను. 1794లో ముంబయిలో కంపెనీవారి వైద్యుడుగా నున్న హెలెనస్ స్కాట్, ఈ దేశపు ఉక్కు మచ్చులను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్సునకు పంపెను. ఇంగ్లీషువారు దానిని వూట్జ్ అని పిలిచిరి. ఆ మాట మన దక్షిణదేశపు ఉక్కు అను మాటకు వచ్చిన వికృతి యని పండితులు పెక్కుమంది అభిప్రాయపడుదురు. 1795లో జార్జి పియర్సన్ దానిని పరీక్షించి సొసైటీకి నివేదిక సమర్పించెను. ఆ సందర్భమున జేమ్సు స్టోడార్టు అను కత్తులపనివాడు ఆ ఉక్కును సాగగొట్టి చిన్న కత్తిని చేసి, దాని మేలిమికి ముగ్ధుడయ్యెను.

ఈ జాతి ఉక్కునకు పుట్టినిండ్లలో నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ముఖ్యమైనది. మైసూరు సీమయందును తమిళదేశమందును కూడ అది తయారగుచుండెను. ఇనుపముక్కలను కట్టెపుల్లలు, ఆకులతో కలిపి మట్టిమూసలలో పెట్టి, మూతిని మట్టితో మూసి, బొగ్గుల కొలిమిలో గంటల తరబడి తిత్తులతో ఊది, మెల్లగా చల్లారనిచ్చెడివారు. కట్టెలలోని కర్బనము ఇనుములోనికి ఇంకి అది ఉక్కగును. ఆ ఉక్కు కొనుటకు పారసీక వర్తకులు కోనసముద్రమువఱకు వచ్చెడివారని, 1820లో ఆ గ్రామమును చూచిన హెన్రీ వాయ్‌సీ అను వైద్యుడు వ్రాసియుంచెను. డమాస్కసు ఖడ్గములని లోకమున పేరుపొందిన కత్తులకు భారతదేశపు ఈ ఉక్కే మూలధాతువు.

స్టోడార్టు 1818 ప్రాంతమున ఫారడేతో చేయికలిపెను. కత్తులపనివాడొకడు, కమ్మరి కుమారుడొకడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ నేలమాళిగలో వారు కొలిమి ఏర్పరచుకొనిరి. భారతీయోక్కులోని రహస్యము ఏమని ఫారడే మొదట విశ్లేషించి 1819లో ఒక వ్యాసము ప్రకటించెను. అందు అల్యూమినియము ఉండుటయే దాని గొప్పతనమునకు కారణమని తలచెను. అది పొరపాటు. దాని గొప్పతనము ముఖ్యముగా కర్బనపు పాలువలనను, చల్లారు తీరువలనను కలుగునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. గొప్పవారు పొరపడరని భావింపరాదు. పొరపాటును సైతము అందఱును పరీక్షించుటకు వీలుగా ప్రకటించుటయే వారి గొప్పతనము.

త్రుప్పు పట్టని ఉక్కుకై అన్వేషణ

ఇంతటి ఉక్కునకును త్రుప్పు తప్పదు. వైద్యుల కత్తులు, పరికరములు, దర్పణములు త్రుప్పుపట్టి చెడుచుండెను. ఉక్కులో ఇతర లోహములను కొలది పాళ్ళలో కలిపి, అది మఱింత గట్టిగా నుండునట్లును, త్రుప్పునకు లొంగకుండునట్లును చేయవచ్చునా అని ఆ మిత్రులిద్దరును యత్నించిరి. ఆకాశమునుండి పడిన ఉల్కల ఇనుములో నికెలు ఉన్నదని కనుగొని, ఇనుములో నికెలు కలిపి చూచిరి. అది వట్టి ఇనుముకంటె తక్కువగా త్రుప్పు పట్టెను. సంతోషించి ఉక్కులో నికెలు కలిపి చూచిరి; అది మామూలు ఉక్కుకంటె త్వరగా త్రుప్పు పట్టెను. వెండిని, ప్లాటినమును, రోడియమును, చివరకు క్రోమియమును కలిపి చూచిరి. ఐదువందల పాళ్ళ ఉక్కులో ఒక పాలు వెండి కలిపినది కత్తులకు మేలైనదని తేలెను. వారి పద్ధతిని షెఫీల్డు పట్టణమందలి కొందఱు ఉక్కువర్తకులు కొంతకాలము అనుసరించిరి. ఫారడే తన మిత్రులకు ఆ మిశ్రలోహములతో చేసిన క్షురకత్తులను కానుకగా ఇచ్చెడివాడు.

1820, 1822 సంవత్సరములలో వారు తమ ఫలితములను ప్రకటించిరి. 1823లో స్టోడార్టు మరణించెను. కొంతకాలమునకు ఫారడే ఆ పనిని విడిచిపెట్టెను. త్రుప్పు పట్టని ఉక్కు ఆయన చేతికి చిక్కలేదు.

ఓడల రాగిరేకులు

1823లో బ్రిటిషు నౌకాదళమువారు ఇంకొక చిక్కును డేవీ యెదుట పెట్టిరి. ఓడల అడుగునకు తాపిన రాగిరేకులు ఉప్పునీటిలో కరగిపోవుచుండెను. డేవీ ఆ రేకులకు యశదపు ముక్కలను, ఇనుపముక్కలను తగిలించి చూచెను. అప్పుడు యశదమో ఇనుమో కరగిపోయెను, రాగి చెక్కుచెదరకుండెను. ఒక లోహము తాను బలియై ఇంకొకదానిని కాపాడుటయను ధర్మము వెల్లడియయ్యెను. ఆ ప్రయోగములలో చాలభాగము నడపినవాడు ఫారడే.

శాస్త్రము గెలిచినది గాని, ఓడలు మాత్రము ఓడినవి. రాగి కరగుచుండినంతకాలము దాని విషమువలన నాచు, సముద్రపు గుల్లలు ఓడ నంటకుండెడివి. రాగి కరగుట ఆగినంతనే అవి దట్టముగా అంటుకొని ఓడల వేగమును తగ్గించెను. కావున నౌకాదళమువారు ఆ పద్ధతిని మానుకొనిరి. అయినను ఆ ధర్మము వ్యర్థము కాలేదు. నేడు ఇనుప ఓడల అడుగున యశదపు దిమ్మెలు బిగించుటకును, మన చాళ్ళ కప్పులపై కనబడు జింకురేకులు వానలకు నిలుచుటకును ఆధారమదియే. జింకన్నను యశదమన్నను ఒక్కటియే. రేకుపై గీత పడినను చుట్టునున్న యశదము తాను కరగి లోని ఇనుమును కాపాడును.

త్రుప్పు పుట్టు విధము

1821లో ఫారడే సారా బార్నర్డు అను యువతిని వివాహమాడెను. ఆ యేడే విద్యుచ్ఛక్తితో తీగను తిరుగునట్లు చేసెను. 1831లో అయస్కాంతమునుండి విద్యుత్తును పుట్టించు మార్గము కనుగొనెను. నేటి విద్యుదుత్పాదక యంత్రములకెల్ల అది మూలము. 1833, 1834లలో విద్యుత్తువలన పదార్థములు విడిపోవు నియమములను స్థాపించెను. ధనధ్రువము, ఋణధ్రువము, అయాను మొదలగు భావములకు నేడు వాడుకలోనున్న ఇంగ్లీషు పేర్లు మిత్రుల సలహాతో ఆయన ప్రవేశపెట్టినవే. త్రుప్పు రహస్యము తెలియుటకు ఆ నియమములే తాళపుచెవి యయ్యెను.

అది యెట్లనగా: ఇనుముపై నీటిబొట్టు నిలిచినపుడు ఆ చోటు ఒక చిన్న విద్యుద్ఘటమగును. ఒకచోట ఇనుపపరమాణువులు ఒక్కొక్కటి రెండేసి ఎలక్ట్రానులను విడిచి నీటిలోనికి దిగును. ఆ ఎలక్ట్రానులు లోహముగుండ ప్రవహించి, గాలినుండి నీటిలో కరగిన ప్రాణవాయువును ఇంకొకచోట చేరును. అట్లు పుట్టిన పదార్థములు కలిసి, మఱల ప్రాణవాయువు తగులగా, నీటితో కూడిన ఇనుప ఆక్సైడగును. అదియే త్రుప్పు. నీరు లేనిచో త్రుప్పు లేదు. ప్రాణవాయువు లేనిచోను త్రుప్పు లేదు. ఉప్పు కలిసినచో నీటిలో విద్యుత్తు సులభముగా నడచును గనుక త్రుప్పు త్వరపడును. మూడువైపుల సముద్రము గల మన ముంబయిలో ఇనుము త్వరగా చెడుటకు ఇదియే కారణము.

ఫారడే నియమమును బట్టి లెక్కించినచో, ఒక ఆంపియరు విద్యుత్తు ఏడాదిపాటు ఎడతెగక ప్రవహించి సుమారు 9 కిలోల ఇనుమును కరగించును. నేడు ఇంజనీర్లు త్రుప్పు వేగమును కొలుచుటకు ఈ లెక్కనే వాడుదురు.

త్రుప్పు పొర గుల్లగా నుండును. లోనికి నీటిని, గాలిని పోనిచ్చును. కావుననే అది లోలోపలికి ప్రాకును. పైగా అది తాను పుట్టిన ఇనుముకంటె రెండు రెట్లకు మించి చోటు ఆక్రమించును. కాంక్రీటు దూలములోని ఊచలు త్రుప్పుపట్టి ఉబ్బుటవలననే పాతభవనముల కప్పులు పగిలి పెచ్చులూడును. అట్టి పగుళ్ళలో గోధుమరంగు చార కనబడినచో పెద్దలకు వెంటనే తెలుపుట పిల్లల ధర్మము. పైన సున్నము పూసి దాచుట ప్రాణాపాయము.

1836లో స్విట్జర్లండునుండి షూన్‌బైన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఫారడేకు ఒక వింతను తెలిపెను. పలుచని నత్రికామ్లములో బుసబుస పొంగి కరగు ఇనుము, చిక్కని నత్రికామ్లములో ముంచినపుడు కరగకుండుటయే గాక, ఆపై పలుచని ఆమ్లమునకు కూడ లొంగకుండెను. ఫారడే స్వయముగా పరీక్షించి, ఇనుముపై కంటికి కానరాని ఆక్సైడు పొర యొకటి ఏర్పడి దానిని కాపాడుచుండవచ్చునని ఊహించెను. త్రుప్పు కీడుచేయు పొర. ఇది మేలుచేయు పొర. రెండును ఇనుమునకు ప్రాణవాయువుతో కలుగు సంబంధములే.

గురువుగా ఫారడే

బాలురకై రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మసు ఉపన్యాసములు 1825లో ప్రారంభమయ్యెను. ఫారడే స్వయముగా 1827 మొదలు 1860వఱకు పందొమ్మిది పర్యాయములు వాటిని నడపెను. కొవ్వొత్తిని గూర్చిన ఉపన్యాసములు జగత్ప్రసిద్ధములు. కాలిన ఇనుప రజనుపై నీటి ఆవిరిని పంపి, ఆవిరిలోని ప్రాణవాయువును ఇనుము గ్రహించుటను ఆయన అందు పిల్లల కన్నులయెదుట చూపెను. మంట త్వరగా జరుగు కలయిక. త్రుప్పు నెమ్మదిగా జరుగు కలయిక. రెండింటను ఇనుము ప్రాణవాయువుతోనే కలియుచున్నది.

ఆయనకు సర్ బిరుదమీయ జూచిరి, వలదనెను. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని రెండు పర్యాయములు నిరాకరించెను. తుదివఱకు వట్టి మైకేల్ ఫారడేగానే ఉండగోరెను. నడివయసునుండియే ఆయనకు మఱపు బాధింపసాగెను. ముందుదినము చేసిన ప్రయోగమును మరునాడు మరచెడివాడు. అయినను పని నిలువలేదు. ఏలయన ఆయన చేసిన ప్రతి ప్రయోగమును, ఫలించినదానిని, ఫలింపనిదానిని, వరుససంఖ్య వేసి దినచర్యలో వ్రాసియుంచెడివాడు. ఆ సంఖ్యలు పదహారువేలు దాటినవి. జ్ఞాపకము జారిపోయినను వ్రాత నిలిచెను.

1858లో విక్టోరియారాణి హాంప్టన్ కోర్టులో ఆయనకు నివాసము నిచ్చెను. 1867 ఆగస్టు 25వ తేదీన తన కుర్చీలో కూర్చుండియే ఆయన కన్నుమూసెను. రాజులు, మహాకవులు నిద్రించు వెస్ట్‌మినిస్టరు దేవాలయమున సమాధి ఆయన కోరలేదు. హైగేటు శ్మశానమున నిరాడంబరముగా ఖననము జరిగెను.

నూరేండ్ల తరువాత

1913లో షెఫీల్డు పట్టణమున హారీ బ్రియర్లీ అనునతడు, తుపాకిగొట్టములకు తగిన ఉక్కు వెదకుచు, సుమారు 12.8 శాతము క్రోమియము కలిపిన ఉక్కు త్రుప్పు పట్టకుండుట గమనించెను. ఆయనయు ఉక్కు కరగించు కార్మికుని కుమారుడే. పండ్రెండేండ్ల ప్రాయముననే పనిలో చేరినవాడు. మన వంటయింటి స్టీలుపాత్రలు ఆ జాతివే. క్రోమియము ప్రాణవాయువుతో కలిసి ఆ ఉక్కుపై పలుచని గట్టి పొరగా ఏర్పడును. గీత పడినను ఆ పొర మఱల తానే అల్లుకొనును. ఫారడే 1836లో ఊహించిన పొర వంటిదే అది. 1822లో ఆయనయు ఉక్కులో క్రోమియము కలిపెను. కాని మూడు పాళ్ళకు మించలేదు. త్రుప్పు నాపుటకు నూటికి పది పాళ్ళకు పైగా కావలెను.

1930 ప్రాంతమున సర్ రాబర్టు హాడ్‌ఫీల్డు అను లోహశాస్త్రజ్ఞునికి ఫారడే పేరు గల ఒక చెక్కపెట్టె చిక్కెను. అందు డెబ్బదితొమ్మిది ఉక్కుముక్కలు ఉండెను. వాటిని విశ్లేషించి, ఆ కమ్మరి కుమారుడు మిశ్రోక్కుల శాస్త్రమునకు ఆద్యులలో నొకడని హాడ్‌ఫీల్డు 1931లో గ్రంథము వ్రాసెను.

మన ఇంటిలోని త్రుప్పు

త్రుప్పు తొలగించుట కష్టము కాదు. పెనముపై త్రుప్పుపొడిని ముందుగా ఇసుక కాగితముతోనో ఇనుప పీచుతోనో రాయవలెను. మిగిలిన దానిపై నానిన చింతపండు గాని, నిమ్మరసము గాని, వెనిగరు గాని పట్టించి కొంతసేపు ఉంచవలెను. వాటిలోని ఆమ్లము త్రుప్పును కరగించును. ఎక్కువసేపు ఉంచినచో ఇనుమును కూడ కరగించును. పిమ్మట నీటితో చక్కగా కడిగి, వెంటనే బట్టతో తుడిచి, పొయ్యిపై వేడిచేసి తడి లేకుండ ఆరబెట్టి, నూనె పూయవలెను. ఈ కడపటి పని మానినచో మరునాటికే త్రుప్పు తిరిగి వచ్చును. బిగిసిన గడియకు, మరమేకుకు కిరసనాయిలు పోసి ఒక రాత్రి ఉంచినచో కదలును. కిటికీ ఊచలకు త్రుప్పు పూర్తిగా గీకి, త్రుప్పు నాపు తొలిపూత వేసి, దానిపై రంగు వేయవలెను. త్రుప్పుమీదనే రంగు పూసినచో రోగముమీద దుప్పటి కప్పినట్లే. ఈ పనులు వానలు రాకముందే, వైశాఖమున చేయుట మేలు.

జాగ్రత్తలు రెండు. ఆమ్లమును బ్లీచింగు పొడితో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. త్రుప్పుమేకు గ్రుచ్చుకొనినచో ధనుర్వాతము రాకుండ వైద్యునియొద్ద సూదిమందు వేయించుకొనవలెను. ఆ వ్యాధిని కలిగించునది త్రుప్పు కాదు, మట్టిలోని సూక్ష్మక్రిమి. కాని లోతుగా దిగిన మేకు ఆ క్రిమికి చోటు కల్పించును.

కడమాట

విద్యార్థులారా! కోనసముద్రపు కమ్మరులు చేసిన ఉక్కు ఐరోపావారు చూచి విస్తుపోయినంతటిది. ఆ విద్య తండ్రి చేతినుండి కొడుకు చేతికి సాగినది గాని కాగితమునకు ఎక్కలేదు. కర్మాగారపు ఉక్కు వచ్చి కొలుములు చల్లారినపుడు ఆ విద్యయు చల్లారెను. ఆ చేతులు చేసిన పనిని గూర్చి నేడు మనము పరదేశీయుల వ్రాతలలో వెదకికొనవలసి వచ్చినది. ఫారడేయు కమ్మరి బిడ్డయే. ఆయన ఓడిపోయిన ప్రయోగములు సైతము నేటికి నిలిచియున్నవి. కారణము, వాటిని వ్రాసిపెట్టెను.

మన కామాఠీ పెద్దలు ఈ నగరపు గోడలు లేపిరి, బాటలు వేసిరి. వారి పని కంటి యెదుట ఉన్నది. వారి మాట మాత్రము ఎక్కడను లేదు. తల్లిదండ్రులు తమ చేతిపనిని గూర్చి పిల్లలకు చెప్పుదురు గాక. పిల్లలు దానిని తెలుగున వ్రాసియుంచుదురు గాక. తండ్రి సుత్తెపట్టిన చేయి చూచి సిగ్గుపడవలసిన పని లేదు. వాడని ఇనుమునకు త్రుప్పు పట్టినట్లే వ్రాయని భాషకును త్రుప్పు పట్టును. దానిని తొలగించు సాధనము ఒక పలక, ఒక కలము. అవి మన ఇండ్లలో ఉన్నవి.